ఐస్‌లాండ్‌కు కిలోమీటర్ల లెక్క సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఐస్‌లాండ్ రోడ్డు ప్రయాణం మీద వచ్చిన వ్యాసంలో ఫొటోలు చాలా బాగున్నాయి. ఆ దేశాన్ని చుట్టివచ్చే రింగ్ రోడ్డు మొత్తం 1,322 కిలోమీటర్లనీ, ఏడు రోజుల్లో చుట్టేస్తే రోజుకు రెండు వందల కిలోమీటర్ల లోపేననీ, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళేదానికన్నా తక్కువేననీ అందులో రాశారు. కూడికలు, భాగాహారాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ లెక్కను నమ్మి, డబ్బు తిరిగిరాని హోటల్ గదులు వరసగా ఏడు రాత్రులకు తీసుకున్నవాళ్ళే తుఫాను గాలి వీచే రోజున కూడా కారు బయటికి తీస్తారు. గది డబ్బులు పోతాయన్న బెంగే వాళ్ళను రోడ్డెక్కిస్తుంది. మన నగరంలో సెల్ఫ్ డ్రైవ్ ప్యాకేజీలు అమ్మేవాళ్ళ బ్రోచర్లలోనూ ఇదే లెక్క కనిపిస్తోంది. అందుకే ఆ దారులూ ఆ రాళ్ళూ తెలిసిన కొందరం కలిసి ఇది రాస్తున్నాం. పొడుగైనా అచ్చు వేయమని మనవి.

ముందు గాలి సంగతి. అక్కడి వాతావరణ శాఖ గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో చెబుతుంది. బోర్డు మీద 20 అని చూసి గంటకు ఇరవై కిలోమీటర్లే కదా అనుకుంటే ప్రమాదం. ఆ అంకెను 3.6తో గుణించాలి. అంటే గంటకు 72 కిలోమీటర్లు. బోర్డు మీది అంకె 15 దాటితే క్యాంపర్ వ్యాన్లు, పైన సామాన్ల పెట్టె బిగించిన కార్లు ఆగిపోవాలి. 20 దాటితే మామూలు కారు కూడా తీయకపోవడమే మంచిది. రోడ్డు పక్కనున్న ఎలక్ట్రానిక్ బోర్డుల్లో సగటు గాలితో పాటు మధ్యమధ్య వచ్చే విసురు ఎంతో కూడా ఉంటుంది. కారును పక్కకు తోసేది ఆ విసురే కాబట్టి ఆ అంకెనే చూసుకోవాలి. దక్షిణాన ఎయాఫ్యోల్ కొండల కింద, ఓరైఫి ప్రాంతంలో, పడమట బోర్గార్‌నెస్ ఊరికి ముందున్న హాఫ్నర్‌ఫ్యాట్ల్ కొండ పక్కన కొండల మీంచి దిగే గాలి ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. రెండు నిమిషాల ముందు దాకా ప్రశాంతంగా ఉన్న రోడ్డు మీదే కారును ఎదురు లేన్‌లోకి నెట్టేస్తుంది.

అద్దె కార్ల దగ్గర పర్యాటకులు డబ్బు పోగొట్టుకునేది సొట్ట పడి మాత్రమే కాదు, తలుపు విరిగి కూడా. గాలికి వీపు పెట్టి కారు ఆపి తలుపు తీస్తే గాలి దాన్ని లాగి వెనక్కి విరిచేస్తుంది. కీళ్ళు వంగిపోతాయి, ముందు భాగం రేకు నలిగిపోతుంది, ఆ తర్వాత తలుపు పడదు. మామూలు ఇన్సూరెన్స్ దీనికి వర్తించదు. కారు ముక్కును గాలి వచ్చే వైపు ఉంచి ఆపాలి, తలుపు అంచును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని తీయాలి, ఒకేసారి రెండు వైపులా తలుపులు తీయకూడదు. వెనక సీట్లో పిల్లలుంటే పెద్దవాళ్ళు దిగి వచ్చి తీసేదాకా ముట్టుకోవద్దని ముందే చెప్పాలి. ఇన్సూరెన్స్ మాట వచ్చింది కనుక ఇంకొకటి. గులకరాయి తగిలి ముందు అద్దం పగలడానికి ఒక రక్షణ, ఇసుక బూడిద గాలికి రంగు గీరుకుపోవడానికి ఇంకొకటి, విడివిడిగా అమ్ముతారు. మీర్దాల్స్‌సాందూర్, స్కేదరార్‌సాందూర్ అనే నల్ల ఇసుక మైదానాల మీదుగా వెళ్ళేవాళ్ళు రెండోది తీసుకోవాలి. అక్కడ ఇసుక గాలి లేచిందంటే కారు ఒక వైపంతా సానపట్టినట్టు గీరుకుపోతుంది, అద్దాలు మసకబారుతాయి.

రోడ్డు విషయానికి వస్తే, రింగ్ రోడ్డు 2019 నుంచి మొత్తం తారు రోడ్డే. దాన్నుంచి పక్కకు తిరిగిన దారులు చాలావరకు కంకరవి. తారు మీద గరిష్ఠ వేగం గంటకు 90, కంకర మీద 80, ఊళ్ళలో సాధారణంగా 50. తారు ముగిసే చోట ‘మల్‌బిక్ ఎందర్’ అని బోర్డు ఉంటుంది. తొంభైలో వచ్చి, కంకర తగిలాక బ్రేకు వేస్తారు. అప్పుడు ముందు చక్రాలు పట్టు తప్పి కారు పక్కకు తిరుగుతుంది, రోడ్డు అంచు ఎత్తుగా ఉంటే పల్టీ కొడుతుంది. బోర్డు కనపడగానే, ఇంకా తారు మీద ఉండగానే వేగం తగ్గించాలి.

ఒకే కారు పట్టే వంతెనలు ఇంకా చాలా ఉన్నాయి. ‘ఏన్‌బ్రేద్ బ్రూ’ అని రాసి ఉంటుంది. వంతెనకు ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళు ముందు వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. మన దగ్గర హెడ్‌లైట్ కొట్టిన బండి తానే ముందు వస్తానంటుంది, ఆ అర్థాన్ని అక్కడికి తీసుకెళ్ళకూడదు. అనుమానం ఉంటే ఆగి దారి ఇవ్వాలి. 2018 డిసెంబరులో నూప్స్‌వోత్న్ నది మీద అప్పుడున్న ఒంటి వరస వంతెన నుంచి కారు కింద పడి, భారతీయ మూలాలున్న బ్రిటన్ పర్యాటకుల్లో ముగ్గురు, వారిలో ఒక పసిబిడ్డ, చనిపోయారు. చలికాలంలో వంతెన మీద మంచు పొర రోడ్డు కంటే ముందే కడుతుంది, ఎందుకంటే దానికి కింద కూడా గాలి తగులుతుంది. వంతెన మీద స్టీరింగ్ తిప్పడం, బ్రేకు గట్టిగా తొక్కడం రెండూ వద్దు.

రెండు వరసల రౌండ్‌అబౌట్‌లో లోపలి వరసలో ఉన్న కారుకే ముందు బయటికి వెళ్ళే హక్కు. మనవాళ్ళకు ఇది బొత్తిగా కొత్త. రాజధాని రేక్యావిక్ చేరిన మొదటి రోజే ఎదురవుతుంది. పగలైనా హెడ్‌లైట్లు వెలుగుతూ ఉండాలి. స్టీరింగ్ ఎడమ వైపు, బండి కుడి వైపు. ఇండికేటర్ మీట ఎడమ చేతి వైపు ఉంటుంది, కుడి వైపు నొక్కితే వైపర్లు తిరుగుతాయి. గేరు కుడి చేత్తో మార్చే అలవాటు లేనివాళ్ళు ఆటోమేటిక్ అడిగి తీసుకోవాలి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, యూరప్‌లో ఎక్కడో మారి నిద్ర లేకుండా కెఫ్లావిక్ విమానాశ్రయంలో దిగుతారు. ఆ రోజు యాభై కిలోమీటర్ల దూరంలోని రేక్యావిక్ దాటి నడపవద్దు.

వేసవిలో గొర్రెలు రోడ్డు మీదికి వస్తాయి. తల్లి ఒక పక్క, పిల్ల ఇంకో పక్క ఉంటే పిల్ల తప్పకుండా తల్లి వైపు పరుగెత్తుతుంది, మీ కారు ఎంత దగ్గరికి వచ్చినా సరే. రోడ్డుకు అంచు జాగా దాదాపు ఉండదు కాబట్టి ఫొటో కోసం రోడ్డు మీదే ఆపడం అక్కడ పెద్ద తప్పు. కారు ఆపే చోటు వచ్చేదాకా ఆగండి.

ఇక రాళ్ళ సంగతి. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళకు ఇది పరాయి విషయం కాదు. చేవెళ్ళ దాటి వికారాబాద్ వైపు వెళ్తుంటే హైదరాబాద్ గ్రానైట్ గుండ్లు తగ్గిపోయి నల్లరాయి, నల్లరేగడి మొదలవుతాయి. అది దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట భూమి పగుళ్ళలోంచి పొంగి పొరలు పొరలుగా పరుచుకున్న దక్కన్ లావా. ఐస్‌లాండ్ రాయిలో ఎక్కువ భాగం కూడా ఇదే జాతి బసాల్ట్. తేడా వయసులో ఉంది. మనది చల్లారి మట్టిగా మారి అనంతగిరి కొండ నెత్తిన ఎర్రటి మొరంరాయిగా మిగిలింది. అక్కడిది ఇంకా పుడుతూనే ఉంది. తూర్పున ఎయిల్‌స్తాదిర్ ఊరికి దగ్గరగా ఉన్న హెంగిఫాస్ జలపాతం 128 మీటర్ల ఎత్తు. దాని గోడలో నల్లటి లావా పొరల మధ్య ఎర్రటి మట్టి పట్టీలు కనిపిస్తాయి. ఒక లావా ప్రవాహానికీ తర్వాతి దానికీ మధ్య గడిచిన కాలంలో పైనున్న బూడిద, రాయి మెత్తబడి మట్టిగా మారి, అందులో ఇనుము ఎర్రబడి, దాని మీద కొత్త లావా పరుచుకుంది. దక్కన్ లావా పొరల మధ్య కూడా సరిగ్గా ఇలాంటి ఎర్ర పొరలే ఉన్నాయి, పడమటి కనుమల ఘాట్ రోడ్లలో కొండ కోసిన చోట చూడవచ్చు. హెంగిఫాస్‌కు కారు ఆపిన చోటి నుంచి ఎక్కుడు దారిలో దాదాపు గంట నడక. మధ్యలో లిట్లానెస్‌ఫాస్ అనే ఇంకో జలపాతం దగ్గర రాతి స్తంభాలు వరసగా నిలబడి ఉంటాయి. మీ వ్యాసంలో ఈ రెండూ లేవు. రాయి మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు మా అభిప్రాయంలో ఇదే అన్నిటికన్నా మంచి నడక.

ఆ స్తంభాలు చెక్కినవి కావు. మందమైన లావా నెమ్మదిగా చల్లబడుతూ కుంచించుకుపోతుంది, ఆ లాగుడుకు పైనుంచి కిందికి పగుళ్ళు దిగుతాయి, చాలావరకు ఆరు పలకలుగా. స్కఫ్తఫెల్‌లోని స్వార్టిఫాస్ జలపాతం దీనికి ప్రసిద్ధి. ఆ పగుళ్ళలో నీరు దూరి గడ్డకట్టి ఉబ్బుతుంది కాబట్టి స్తంభాలు ముక్కలై రాలుతూ ఉంటాయి. జలపాతం కింద పడి ఉన్న పదునైన అంచుల రాళ్ళు అలా రాలినవే. వాటి మీద కూర్చుని ఫొటో దిగేవాళ్ళు ఒకసారి తలెత్తి పైకి చూడాలి.

సెల్యాలాండ్స్‌ఫాస్, స్కోగాఫాస్ జలపాతాలు రెండూ దాదాపు 60 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు సముద్రం కొట్టుకున్న కొండ అంచు మీంచి దూకుతాయవి, ఇప్పుడు సముద్రం వెనక్కి పోయింది. సెల్యాలాండ్స్‌ఫాస్‌లో పైరాయి గట్టిది, కింది రాయి మెత్తనిది. కిందిది తొలుచుకుపోవడం వల్లే నీటి తెర వెనక నడిచే దారి ఏర్పడింది. చలికాలంలో ఆ తుంపర దారి మీదే గడ్డకడుతుంది కాబట్టి ఆ దారి మూసేస్తారు. మూసిన గొలుసు దాటి వెళ్ళేవాళ్ళు జారిపడతారు. గుల్‌ఫాస్ దగ్గర కింది దారి కూడా అంతే. దెట్టిఫాస్ 44 మీటర్ల ఎత్తు, వంద మీటర్ల వెడల్పు. దానికి రెండు వైపులా దారులున్నాయి. పడమటి 862 తారు రోడ్డు, తూర్పు 864 కంకర, చలికాలంలో మూత. నావిగేషన్ దగ్గరి దారని 864 చూపించినా, చిన్న కారుతో వెళ్ళేవాళ్ళు 862నే పట్టాలి. అంచు దగ్గర కంచె లేని చోట్లు ఉన్నాయి, తడిసిన బసాల్ట్ నున్నగా ఉంటుంది.

జలపాతం దగ్గర గొడుగు ఒక్క నిమిషం కూడా నిలవదు, పల్చటి రెయిన్‌కోటు చినిగిపోతుంది. నీరు చొరని జాకెట్, ప్యాంటు రెండూ కావాలి. లోపల ఉన్ని బట్ట. మనవాళ్ళు వేసుకెళ్ళే జీన్స్ ఒకసారి తడిసిందంటే సాయంత్రం దాకా ఆరదు, ఆ గాలిలో వేసవిలోనూ ఒళ్ళు చల్లబడుతుంది.

విక్ ఊరి దగ్గరి రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలో చాలామంది చనిపోయారు. చిన్న అలలు వరసగా వచ్చి, హఠాత్తుగా ఒకటి చాలా లోపలికి వస్తుంది, వెనక్కి పోతూ కాళ్ళ కింది గులకరాళ్ళను లాగేస్తుంది. నిలదొక్కుకునే వీలుండదు. విశాఖ బీచ్‌లో మడమలు తడుపుకున్నట్టు అక్కడ దిగకూడదు. హెచ్చరిక దీపం ఎర్రగా ఉంటే ఇసుకలోకే వెళ్ళకండి.

మీవాత్న్ సరస్సు దగ్గరి హ్వెరిర్‌లో బురద గుంటలు కుతకుతలాడుతుంటాయి. పాలిపోయిన, పసుపు లేదా తెలుపు రంగు నేల మీద కాలు పెట్టవద్దు. పైన గట్టిగా కనిపించే పెంకు కింద మరిగే బురద ఉంటుంది, కాలు దిగబడితే చర్మం ఊడుతుంది. తాడు కట్టిన హద్దు అందుకే. స్ట్రొక్కూర్ అనే వేడినీటి బుగ్గ అయిదు పది నిమిషాలకొకసారి వేడినీళ్ళు చిమ్ముతుంది, గాలి ఎటు వీస్తే అటు నిలబడవద్దు.

అగ్నిపర్వతాలు ఫొటోల కోసం నిద్రపోతున్నాయని అనుకోకూడదు. 2023 నవంబర్ 10న గ్రిండావిక్ ఊరు మొత్తం ఖాళీ చేయించారు, ఆ తర్వాత ఆ ప్రాంతంలో లావా పదేపదే పొంగింది. చల్లారినట్టు నల్లగా కనిపించే కొత్త లావా పైపెంకు కింద ఇంకా ఎర్రగా ఉండవచ్చు, దాని మీద నడవకూడదు. గాలి లేని రోజు పల్లపు ప్రాంతాల్లో గంధకపు విషవాయువు నిలుస్తుంది. విక్ వెనకున్న మంచు దుప్పటి కింద కట్లా అగ్నిపర్వతం ఉంది. చివరిసారి పెద్దగా పేలింది 1918లో. అది పేలితే మంచు కరిగి వరద ముంచెత్తుతుంది. అలాంటప్పుడు ఆ ప్రాంతంలోని ఫోన్లకు హెచ్చరిక సందేశం వస్తుంది, విక్‌లో ఎత్తు మీదున్న చర్చి దగ్గరికి చేరాలి. కాబట్టి రోమింగ్ ఖర్చని ఫోన్ ఆపేయవద్దు. ఆపదలో నంబరు 112.

నంబరు ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండదారులు జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా మాత్రమే తెరిచి ఉంటాయి. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఫోర్ వీల్ డ్రైవ్ కారు చట్టప్రకారం తప్పనిసరి. ఎత్తుగా ఉన్నంత మాత్రాన ఎస్‌యూవీకి ఆ శక్తి ఉండదు, అద్దె పత్రంలో రాసి ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని దారుల్లో వంతెన లేని నదులు దాటాలి. నీరు ఇంజిన్ గాలి గొట్టంలోకి పోతే ఇంజిన్ పట్టేస్తుంది, ఆ నష్టానికి సాధారణంగా ఇన్సూరెన్స్ రాదు, మొత్తం కట్టాల్సి వస్తుంది. మంచు కరిగి వచ్చే నదులు పొద్దున తక్కువగా, ఎండ కాసిన మధ్యాహ్నం తర్వాత ఎక్కువగా పారతాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మా సలహా, అలాంటి కొండదారుల మధ్యనున్న లాండ్‌మన్నలాయిగార్‌కు వేసవిలో రేక్యావిక్ నుంచి ఎత్తయిన చక్రాల బస్సులు నడుస్తాయి, వాటిలో వెళ్ళండి. రోడ్డు దిగి నాచు మీదికి కారు పోనివ్వడం నేరం, జరిమానా భారీగా ఉంటుంది. 1783లో లాకి పగులు నుంచి వచ్చిన లావా మీద పెరిగిన మెత్తటి నాచు టైరు కింద నలిగితే తేరుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

కాగితాలు. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడి ఆర్టీఏలోనే తీసుకోవాలి, ఏడాది చెల్లుతుంది. దానితో పాటు అసలు లైసెన్సు కార్డు కూడా ఉండాలి. ఇక్కడ ట్రాఫిక్ పోలీసుకు ఫోన్‌లో ఎం-వాలెట్ చూపిస్తే సరిపోతుంది, అక్కడి అద్దె కౌంటర్లో కార్డే అడుగుతారు. డిపాజిట్‌కు నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. చాలా పెట్రోల్ బంకుల్లో మనుషులు ఉండరు, పిన్ కొట్టి మనమే పోసుకోవాలి. విదేశీ వాడకం ముందే ఆన్ చేసుకోండి, పిన్ గుర్తుంచుకోండి. తూర్పు, ఉత్తర భాగాల్లో సగం ట్యాంకు ఖాళీ కాగానే నింపుకోవడం మంచిది. ఉత్తరాన అకురేరి ఊరి పక్కనున్న వాద్లాహేది సొరంగానికి టోల్ గేటు లేదు, కెమెరా నంబరు చదువుతుంది, ఒక రోజులోపు ఆన్‌లైన్‌లో కట్టాలి. కట్టకపోతే అద్దె కంపెనీ అదనపు రుసుము కలిపి మీ కార్డు నుంచి తీసుకుంటుంది.

ఇప్పుడు మళ్ళీ రోజుల లెక్క. జూన్‌లో దాదాపు ఇరవై ఒక్క గంటలు వెలుతురు, డిసెంబర్‌లో నాలుగైదు గంటలే. వేసవిలో మొత్తం చుట్టు తిరగాలంటే పది రోజులు పెట్టుకోండి, అందులో కనీసం ఒకటి ఏ ఊరికీ కేటాయించని ఖాళీ రోజు. ఏడే రోజులుంటే దక్షిణ తీరమే చూడండి, రేక్యావిక్ నుంచి యోకుల్సార్‌లోన్ మంచు మడుగు దాకా వెళ్ళి రండి. చలికాలంలో అదీ రోడ్డు తెరిచి ఉన్నప్పుడే. గదులు రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి, కొంచెం ఖరీదైనా. రోజూ పొద్దున బయలుదేరే ముందు మూడు చోట్ల చూడాలి. రోడ్లు తెరిచి ఉన్నాయో లేదో ఉంఫెర్దిన్ డాట్ ఐఎస్, గాలి ఎంతో వెదుర్ డాట్ ఐఎస్, హెచ్చరికలు సేఫ్‌ట్రావెల్ డాట్ ఐఎస్.

సంపాదకులకు మా విన్నపం ఒక్కటే. ఐస్‌లాండ్ మీద మళ్ళీ వ్యాసం వేసినప్పుడు ఫొటోల పక్కన ఈ మూడు చిరునామాలు, గాలి అంకెను 3.6తో గుణించమన్న మాట, 112 నంబరు చిన్న పెట్టెలో అచ్చు వేయండి. రాబోయే వేసవికి ఇప్పటినుంచే టికెట్లు కొంటున్నవాళ్ళకు అది కత్తిరించి దాచుకునేలా ఉంటే ఇంకా మంచిది.

ఇట్లు,
కొందరు పాఠకులు,
తార్నాక, హైదరాబాద్